ఒక చుట్టు వదులు

మేస్త్రికి అనుమానం ఎక్కువ. ఎంత ఎక్కువంటే, పాలవాడు పొద్దున్నే నవ్వుతూ పలకరిస్తే ఆ రోజు పాలల్లో నీళ్ళు ఎక్కువ పోశాడని తేల్చేసే రకం. దుకాణానికి మూడు తాళాలు వేసి, నాలుగడుగులు నడిచి, వెనక్కొచ్చి మూడూ లాగి చూసి, మళ్ళీ నాలుగడుగులు నడిచి, "మూడోది లాగానా?" అని వీధి మధ్యలో ఆగిపోయే మనిషి. వీధిలో వాళ్ళు నవ్వుకునేవారు. నవ్వుకోనీండి. తుపాకులు బాగుచేసేవాడికి ఆ మాత్రం అనుమానం లేకపోతే, ఆ నవ్వే వాళ్ళలో కొందరు ఈపాటికి నవ్వడానికి మిగిలి ఉండేవారు కాదు.

నలభై ఏళ్ళుగా అదే పని. పని బల్లకి ఎదురుగా, అద్దాల చట్రంలో రిపేరు లైసెన్సు వేలాడుతూ ఉంటుంది. ఏటా దాన్ని కొత్తది చేయించుకోవడానికి వెళ్ళినప్పుడు ఆఫీసు గుమాస్తా ఒకే ప్రశ్న అడుగుతాడు. "ఈ ఏడాది మీ చేతిమీదుగా వెళ్ళిన ఆయుధాల మీద ఫిర్యాదులేమైనా ఉన్నాయా?" మేస్త్రి "లేవు" అంటాడు. ఆ ఒక్క మాట అనడానికి చొక్కా ఇస్త్రీ చేయించుకుని మరీ వెళ్తాడు.

శనివారం పొద్దున కాంట్రాక్టరు వచ్చాడు. రోడ్లు వేసే మనిషి. ఎవరో ఎప్పుడో బెదిరించారని చెప్పి రివాల్వరుకి లైసెన్సు తెచ్చుకున్నాడు. ఆ బెదిరించినవాడు ఎవడో ఊళ్ళో ఇంతవరకూ ఎవరికీ కనబడలేదు గానీ, రివాల్వరు మాత్రం నడుము దగ్గర చొక్కా కింద నుంచి అందరికీ కనబడుతూనే ఉంటుంది. దాన్ని తీసి బల్ల మీద ఠపీమని పెట్టాడు.

"ఏం చేశావయ్యా దీన్ని?"

మేస్త్రి దాన్ని చేతిలోకి తీసుకున్నాడు. ముందు గొట్టాన్ని గోడవైపు తిప్పాడు. సిలిండరు తెరిచి తూటాల్ని బట్ట మీదకి ఒంపాడు. ఆరు. మూడింటికి అడుగున సొట్ట పడి ఉంది. పడింది గానీ లోతు లేదు. సుత్తి వాటిని తాకిందే తప్ప కొట్టలేదు.

"మూడుసార్లు నొక్కాను," అన్నాడు కాంట్రాక్టరు. "టిక్కు, టిక్కు, టిక్కు. అంతే. రెండు నెలల కింద నీ దగ్గర్నుంచే పట్టుకెళ్ళాను. ఆ తర్వాత నేను తప్ప ఇంకెవడూ ముట్టుకోలేదు."

"ఎక్కడ నొక్కారు?"

"ఎక్కడైతే నీకేంటి? గురి ప్రాక్టీసు మైదానంలో."

మేస్త్రి తలెత్తలేదు. ఆ మైదానం గోడ కూలిందని నెల్లాళ్ళ నుంచి మూసేశారు. ఆ సంగతి చెప్పే కాగితం ఆయన దుకాణం తలుపుకే అంటించి ఉంది. కాంట్రాక్టరు దాన్ని అరచేత్తో తోసుకునే లోపలికి వచ్చాడు. అబద్ధం ఆడాలనుకున్నవాడు కనీసం తలుపు చదువుకుని రావద్దా! మేస్త్రి ఆ మాట నోట్లోనే ఉంచుకుని, పిడికి రెండువైపులా ఉన్న చెక్కలు విప్పాడు.

లోపల పట్టీలాంటి స్ప్రింగు ఉంటుంది. దాన్ని కింద నుంచి ఒక చిన్న మర నొక్కిపెడుతుంది. మర బిగుతుగా ఉంటే స్ప్రింగు వంగి బలం పట్టి, సుత్తి తూటా వీపు మీద గట్టిగా పడుతుంది. మర వదులైతే సుత్తి పడుతుంది, చప్పుడూ వస్తుంది, తూటా మాత్రం పేలదు. మేస్త్రి ఆ మరకి స్క్రూడ్రైవరు ఆనించి మెల్లగా తిప్పాడు. తిరిగింది. పావు చుట్టు, సగం, ముప్పావు. సరిగ్గా ఒక చుట్టు తిరిగాక బిగిసింది.

మేస్త్రి స్క్రూడ్రైవరు పక్కన పెట్టేశాడు.

ఎందుకంటే, తిప్పకముందు ఆ మర తల మీద గాడి నిట్టనిలువుగా ఉంది. మేస్త్రి చేతిలో బిగిసిన ఏ మర గాడైనా నిలువుగానే నిలబడుతుంది. అది ఆయన చాదస్తం. గాడి వంకరగా ఉంటే ఆయనకి అన్నం సహించదు. దానికోసం మర చివర ఆకురాయితో రాసి, సరిగ్గా బిగిసేచోటే గాడి నిలువుగా వచ్చేట్టు చేస్తాడు. మర దానంతట అది వదులైతే గాడి ఎక్కడ పడితే అక్కడ ఆగుతుంది. ఇది పూర్తిగా ఒక చుట్టు వెనక్కి తిరిగి, మళ్ళీ నిలువుగా నిలబడింది. అంటే ఎవరో తిప్పారు. తిప్పిన వాళ్ళకి కూడా వంకర గాడి సహించదు.

"ఏంటి? ఏం కనబడింది?" కాంట్రాక్టరు బల్ల మీదకి వంగాడు.

"మర వదులైంది."

"అయ్యిందా, చేశారా?"

మేస్త్రి నోరు మెదపలేదు. ఆ మెదపకపోవడమే కాంట్రాక్టరుకి చాలింది.

"నాకు తెలుసు. ఎవరో కావాలనే చేశారు. నా చుట్టూ ఉన్నవాళ్ళే. చూడు మేస్త్రీ, సోమవారం నాలుగింటికి వస్తా. తుపాకీ బాగై ఉండాలి. చేసినవాళ్ళ పేరు కూడా నాకు కావాలి. పేరు చెప్పావా, మిగతాది నేను చూసుకుంటా. చెప్పలేదా, నీ పనే ఇలా ఏడిసిందని ఆఫీసులో ఫిర్యాదు పడేస్తా. ఆ గోడ మీద కాగితం ఎన్నాళ్ళుంటుందో చూసుకో."

కాంట్రాక్టరు వెళ్ళిపోయాక మేస్త్రి గోడ మీద లైసెన్సు వైపు చూశాడు. నలభై ఏళ్ళ పేరు. ఒక్క ఫిర్యాదు కాగితం పడితే ఆఫీసు వాళ్ళు దుకాణం మూయిస్తారు. ఈ వయసులో మూయించాక ఇంక తెరిచేదేముంది?

కూతురు మధ్యాహ్నం క్యారేజీ పట్టుకుని వచ్చింది. ముప్ఫై ఏళ్ళది. తల్లి పోయిన ఏడు నుంచీ తండ్రి పక్క బల్ల మీదే పని. చెయ్యి తండ్రిదే, నోరు మాత్రం తల్లిది.

"కాంట్రాక్టరు వచ్చాడు. రివాల్వరు పేలలేదట," అన్నాడు మేస్త్రి.

ఆమె క్యారేజీ గిన్నెలు విప్పుతున్నదల్లా ఆగింది. "ఎవరికేమన్నా అయిందా?"

"పేలకపోతే ఎవరికేమవుతుందే, పిచ్చిదానా!"

ఆమె గిన్నెలు విప్పి వడ్డించింది. అన్నం తింటున్నంతసేపూ ఆ రివాల్వరు వైపే చూసింది.

మేస్త్రి మొట్టమొదట కాంట్రాక్టరునే అనుమానించాడు. రోడ్డు వెడల్పు చేసే పని వాడిదే. ఈ మూల దుకాణం అడ్డంగా ఉందని వాడి మనుషులు ఇంతకుముందు రెండుసార్లు కొలతలు తీసుకుపోయారు. వాడే మర వదులు చేసుకుని తన మీదకి తోస్తున్నాడేమో! కానీ మరలు ఎటు తిప్పితే బిగుస్తాయో కూడా తెలియని మనిషి గాడి నిలువుగా ఎందుకు నిలబెడతాడు?

ఇలా కుదరదని రిజిస్టరు తీశాడు. రెండు నెలల కిందటి పేజీ. పన్నెండుంబావుకి ఇసకపెట్టెలోకి కాల్చి పరీక్ష, ఆరుకి ఆరూ పేలాయి. నాలుగింటికి అప్పగింత. తన రాతే. అప్పగింత దగ్గర వేలు పెట్టి ఆలోచిస్తుంటే ఒక మాట గుర్తొచ్చింది. ఆ రోజు కాంట్రాక్టరు ఖాళీ రివాల్వరు ట్రిగ్గరు నొక్కి చూసి, "వెన్నలా ఉందయ్యా, భలే చేశావ్" అన్నాడు.

మేస్త్రి తల పట్టుకున్నాడు.

వెన్నలా ఎందుకుంటుంది? స్ప్రింగు వదులైతే ఉంటుంది! అంటే అప్పటికే మర తిరిగిపోయింది. కాంట్రాక్టరు ఇంటికి చేరాక కాదు, ఈ దుకాణంలోనే, పన్నెండుంబావుకీ నాలుక్కీ మధ్య. ఆ పొగడ్త వినగానే అనుమానించాల్సింది పోయి, తను మురిసిపోయాడు. జీవితంలో అనుమానించాల్సిన ఒకే ఒక్క రోజున అనుమానించలేదు. తనని తాను చెప్పుకోలేని మాటలన్నీ తిట్టుకున్నాడు.

ఆ రోజు ఒంటిగంటకి భోజనానికి ఇంటికి వెళ్ళి, ఓ కునుకు తీసి, మూడున్నరకి వచ్చాడు. దుకాణంలో కూతురు ఉంది. తను వచ్చేసరికి బల్ల మీద పాత పట్టుకారు ఒకటి ఉంది. "మావయ్య వచ్చి ఇచ్చి వెళ్ళాడు" అని చెప్పింది కూతురు.

బావమరిది! మేస్త్రికి రక్తం తలకెక్కింది. పన్నెండేళ్ళు ఇదే బల్ల దగ్గర పని నేర్చుకుని, ఒక రోజు మాటా మాటా పెరిగి, విసురుగా వెళ్ళిపోయి రెండు వీధుల అవతల తాళాల దుకాణం పెట్టుకున్న వాడు. పదేళ్ళు గడప తొక్కనివాడు ఆ రోజే ఎందుకు వచ్చాడు? అదీ తను లేనప్పుడు? గాడి నిలువుగా నిలబెట్టడం వాడికి నేర్పింది తనే. అంతా సరిపోయింది. అనుమానం అంత చక్కగా అతికేసరికి మేస్త్రికి ఆ రాత్రి కాస్త ఆకలి కూడా వేసింది.

ఆదివారం పొద్దున్నే బావమరిది దుకాణం ముందు నిలబడ్డాడు. గూడంత కొట్టు. గోడ నిండా తాళంచెవులు. మధ్యలో బొజ్జ వేసుకుని బావమరిది.

"అరె, బావే! తాళం పోయిందా, దారి తప్పావా?"

"ఒరేయ్, నాటకాలాడకు. రెండు నెలల కింద నేను లేనప్పుడు నా దుకాణానికెందుకొచ్చావ్?"

"నీ పట్టుకారు ఇద్దామని. కొట్టు సర్దుతుంటే దొరికింది. దొంగవని ఏ రోజైనా నా మీద పడతావని భయమేసి తెచ్చిచ్చాను. ఇచ్చినా పడ్డావుగా!"

"కాంట్రాక్టరు రివాల్వరులో మర తిప్పావా లేదా?"

బావమరిది ముఖంలో నవ్వు పోయింది. తన బల్ల మీదున్న పనిదీపాన్ని మేస్త్రి ముందుకి జరిపాడు. "ఎలా తిప్పి ఉంది?"

"ఒక చుట్టు. గాడి నిలువుగా."

"బావా, ఇలా చూడు." తన కొట్టు బోర్డు చూపించాడు. నాలుగు మరలు, నాలుగూ నాలుగు దిక్కులు చూస్తున్నాయి. బల్ల సొరుగు మరలూ అంతే. తలుపు బందుల మరలూ అంతే. చూడలేక మేస్త్రి కళ్ళు తిప్పుకున్నాడు. "నీ దగ్గర్నుంచి బయటపడ్డ రోజున ఒట్టు పెట్టుకున్నా, జన్మలో గాడి చూసి మర బిగించనని. ప్రాణానికి ఎంత హాయిగా ఉందనుకున్నావ్! ఆ జబ్బు లోకంలో ఇద్దరికే ఉంది. నువ్వొకడివి."

రెండో మనిషెవరో బావమరిది చెప్పలేదు. మేస్త్రి అడగలేదు.

బావమరిదే గొంతు తగ్గించి అన్నాడు. "ఆ రోజు అమ్మాయి నన్ను గుమ్మం లోపలికి రానివ్వలేదు. పట్టుకారు చేతిలోంచి లాక్కుని, తర్వాత రా మావయ్యా అంది. లోపల ఎవరో ఆవిడ స్టూలు మీద కూర్చుని ఏడుస్తోంది. చెంప ఇంత వాచి ఉంది. ఎవరో నాకు తెలియదు. నేనడగలేదు. బావా, ఇంటికెళ్ళి దాని మీద అరవకు. దాని మేనమామగా చెప్తున్నా."

మేస్త్రి ఇంటికి ఎలా నడిచాడో ఆయనకే తెలియదు. దారిలో పాలవాడు నవ్వాడు. మేస్త్రి వాడిని అసలు చూడనే లేదు.

అరవకూడదనే అనుకున్నాడు. గుమ్మంలోనే అరిచాడు.

"ఎవరే ఆవిడ?"

కూతురు బట్టలు ఆరేస్తోంది. చేతిలో ఉన్న దుప్పటి బుట్టలో పడేసి వచ్చి ఎదురుగా నిలబడింది. "కాంట్రాక్టరు భార్య."

"మర తిప్పింది?"

"నేనే నాన్నా."

తడుముకోకుండా, తల దించుకోకుండా చెప్పింది. మేస్త్రి ఆమె చేతుల వైపు చూశాడు. ఊరందరినీ అనుమానించినవాడు. పాలవాడిని, పేపరువాడిని, చనిపోయిన భార్య తమ్ముణ్ణి కూడా వదలనివాడు. పక్క బల్ల మీదకి ఆయన అనుమానం ఏనాడూ పోలేదు. కూతురంటే తనకి తన కుడిచెయ్యి. కుడిచేతిని ఎవరైనా అనుమానిస్తారా?

"భోజనానికి నువ్వు వెళ్ళావు. ఆవిడ వచ్చింది. మొగుడు రివాల్వరు రిపేరుకిచ్చాడని తెలిసి వెతుక్కుంటూ వచ్చింది. దాన్ని ఇంకో నాలుగు రోజులు మీ దగ్గరే ఉంచుకోండమ్మా అని కాళ్ళు పట్టుకోబోయింది. అన్నం తినేటప్పుడు దాన్ని కంచం పక్కన పెట్టుకుంటాడట. కూర బాగాలేకపోతే నోటితో ఏమీ అనడట, దాన్ని ఇటు తిప్పుతాడట. స్టేషనుకి వెళ్ళండి అన్నాను. వాళ్ళు మా ఇంట్లోనే టీ తాగుతారమ్మా అంది. నేనేం చెయ్యను? వాడి తుపాకీ దాచలేను. ఆవిణ్ణి ఇంటికి తెచ్చుకోలేను. మర ఒకటి తిప్పగలను. తిప్పాను."

"నిజంగానే వాడి మీదకి ఎవడైనా వచ్చుంటే? వాడు నొక్కి, అది పేలక, వాడు చచ్చుంటే? ఆ చావు మన చేతిలోంచి వెళ్ళినట్టు కాదూ! నా చేతిలోంచి!"

"అదీ ఆలోచించాను. రెండు నెలలుగా అదే ఆలోచిస్తున్నాను. నిద్ర పట్టక చస్తున్నాను. అయినా మళ్ళీ వెళ్ళి బిగించాలని ఒక్క రోజు కూడా అనిపించలేదు నాన్నా."

మేస్త్రి కుర్చీలో కూలబడ్డాడు. జేబులోంచి చిన్న పొట్లం తీసి విప్పాడు. సొట్టపడ్డ మూడు తూటాలు. వాటిని దుకాణంలో వదిలి రావడానికి మనసొప్పక జేబులో వేసుకుని తిరుగుతున్నాడు.

"మైదానంలో నొక్కానన్నాడు," అన్నాడు. "మైదానం మూసేశారు."

కూతురు ముఖం పాలిపోయింది. పరుగున లోపలికి వెళ్ళి ఫోను తెచ్చింది. ఆవిడ నంబరు తన దగ్గర ఉంది. పగటిపూట, మొగుడు సైటు మీదున్నప్పుడు చేస్తే ఎత్తుతుంది. స్పీకరు పెట్టింది. చాలాసేపు మోగాక ఒక సన్నని గొంతు, కుళాయి చప్పుడు మధ్య నుంచి పలికింది. "చెప్పమ్మా."

"అక్కా, తుపాకీ పేలలేదని మీవారు వచ్చారు. మూడుసార్లు నొక్కారట. ఎక్కడ?"

కుళాయి ఆగింది.

"వంటింట్లో. గురువారం పొద్దున. టీ చల్లారిందని మొదలైంది. గోడకి ఆనించి నిలబెట్టాడు. కళ్ళు మూసుకున్నాను. టిక్కుమంది. కళ్ళు తెరిచాను. నా కళ్ళలోకి చూస్తూ మళ్ళీ నొక్కాడు. మళ్ళీ నొక్కాడు. ఆ తర్వాత నన్ను వదిలేసి దాన్ని తిట్టడం మొదలెట్టాడు." కుళాయి చప్పుడు మళ్ళీ మొదలైంది. "అమ్మా, ఈ మర సంగతి మీ నాన్నగారికి మాత్రం చెప్పకు. ఎంతో పేరున్న మనిషి. నా మూలంగా ఆ పేరు పోకూడదు."

మేస్త్రి అక్కడే కూర్చుని ఉన్నాడు. ప్రతి మాటా విన్నాడు. అరచేతిలో మూడు తూటాలు ఉన్నాయి. వాటిలో ఏ ఒక్కటి పేలినా ఇప్పుడీ గొంతు ఉండేది కాదు. ఆయనకి దుఃఖం పొంగుకొచ్చింది. తన పేరు గురించి తను నలభై ఏళ్ళు పడ్డ బెంగంతా ఆవిడ కూడా పడుతోంది, అదీ చావు చూసి వచ్చిన మూడో రోజున. సిగ్గుతో చచ్చిపోయాడు.

ఫోను పెట్టేశాక కూతురు అంది. "రేపు నా పేరు చెప్పేస్తాను. చేసింది నేను. నీ లైసెన్సు ఎందుకు పోవాలి?"

"నీ పేరు చెప్తే వాడు అడిగేది ఒకటే. ఎవరు చెప్తే తిప్పావ్? మర తిప్పడానికి కారణం ఉండాలి. ఆ కారణం వెతుక్కుంటూ సరాసరి వంటింట్లోకి వెళ్తాడు. మర బిగించడం మర్చిపోవడానికి మాత్రం ఏ కారణమూ అక్కర్లేదు."

కూతురికి అర్థమయ్యేసరికి కాస్త టైము పట్టింది. అర్థమయ్యాక, "వద్దు నాన్నా," అంది.

"తిరిగి వదులు చేసి ఇద్దామా అంటే ఈసారి వాడు కాల్చి చూసుకోకుండా పట్టుకెళ్ళడు. బిగించి ఇస్తే ఏమవుతుందో మనిద్దరికీ తెలుసు. అసలు ఇవ్వకుండా ఉండడానికి దారి ఒకటే ఉంది. రూలు పుస్తకంలో ఉంది. రిపేరు చేసినవాడు తన పని తప్పని తానే రాసిస్తే, ఆ ఆయుధం యజమాని చేతికి వెళ్ళకూడదు. తూటాలతో సహా ఆఫీసు ఇనపగదిలోకి వెళ్ళాలి. విచారణ అయ్యేదాకా అక్కడే. అదయ్యేదాకా వాడికి ఇంకొకటి కూడా ఇవ్వరు."

"ఎవరన్నా రాసిచ్చారా ఎప్పుడైనా?"

"ఎవడు రాస్తాడే? రాస్తే వాడి లైసెన్సు పోతుంది."

సోమవారం పొద్దున మేస్త్రి చొక్కా ఇస్త్రీ చేయించుకోలేదు. పదింటికి ఆఫీసు తలుపులు తెరిచేసరికి మొదటి మనిషి ఆయనే. గుమాస్తా ఆ కాగితం చదివి, కళ్ళజోడు తీసి తుడిచి, మళ్ళీ చదివాడు.

"మేస్త్రిగారూ, ఇదేంటండీ? మీరా? ఎవరైనా బెదిరించారా?"

"లేదు. మర్చిపోయాను."

"మీరు మర్చిపోవడమేంటండీ! కొత్తగా వచ్చిన రిపేరు వాళ్ళకి మీ దుకాణం చూసి నేర్చుకోమని నేనే చెప్తుంటాను. ఇది చింపేస్తాను, ఇంటికెళ్ళండి. దీని మీద ఆఫీసు నంబరు వేశానంటే సాయంత్రం ఐదింటికల్లా మీ లైసెన్సు తెచ్చి ఇక్కడ పెట్టాలి. మళ్ళీ వస్తుందన్న నమ్మకం లేదు."

"నంబరు వెయ్యండి."

"ఒక్కసారి ఆలోచించండి."

"వెయ్యండి బాబూ. నా ధైర్యం ఎంతసేపుంటుందో నాకే తెలియదు."

గుమాస్తా నంబరు వేశాడు. రివాల్వరునీ ఆరు తూటాల్నీ పెట్టెలో పెట్టి, గుడ్డ చుట్టి, లక్క కరిగించి ముద్ర కొట్టాడు. రసీదు చేతికిచ్చేటప్పుడు మేస్త్రి ముఖంలోకి చూడలేకపోయాడు.

నాలుగింటికి కాంట్రాక్టరు వచ్చాడు. దుకాణంలో మేస్త్రి ఒక్కడే ఉన్నాడు.

"పేరు దొరికిందా?"

"దొరికింది. నేనే. పరీక్షయ్యాక స్ప్రింగు తుడుద్దామని మర ఒక చుట్టు వదులు చేశాను. బిగించడం మర్చిపోయాను."

కాంట్రాక్టరు పకపకా నవ్వాడు. "నువ్వా? మూడు తాళాలు రెండేసిసార్లు లాగి చూసుకునే నువ్వా? ఎవడికి చెప్తావయ్యా కబుర్లు!" నవ్వు ఆపి మీదకి వంగాడు. "ఎవర్ని కాపాడుతున్నావ్? మా ఇంట్లో వాళ్ళెవరైనా ఇక్కడికొచ్చారా?"

 మేస్త్రికి అబద్ధం ఆడే అలవాటు లేదు. ఆడినా నిలబెట్టే తెలివి లేదు. దిక్కుతోచక ఉన్న నిజమే చెప్పేశాడు.

"ఆ రోజు మీరు ట్రిగ్గరు నొక్కి వెన్నలా ఉందన్నారు, గుర్తుందా? అలా ఉండకూడదు బాబూ. పనివాడన్నవాడికి అప్పుడే తెలియాలి. మీ చేతిలోంచి తీసుకుని విప్పి చూడాలి. మీరు పొగిడారని పొంగిపోయాను. మురిసిపోతూ మీ చేతిలో పెట్టాను. ఆ తప్పు నాదే. ఎంత తిట్టుకున్నా తీరట్లేదు." చెప్తూ చెప్తూ ఆయన కళ్ళ నీళ్ళు పెట్టుకున్నాడు.

కాంట్రాక్టరు ఆ కళ్ళ వైపు చూశాడు. ముసలాడు ఏడుస్తున్నాడు. నమ్మాడు. నమ్మగానే ఆయనకి మేస్త్రి మీద ఆసక్తి కూడా పోయింది.

"ముసలితనం వచ్చి పడ్డాక ఇంట్లో కూర్చోవాలి. సరే, తుపాకీ తే."

"ఇక్కడ లేదండీ. ఆఫీసులో ఉంది." రసీదు బల్ల మీద పెట్టాడు. "నా తప్పు నేను రాసిచ్చాను. రూలు ప్రకారం అది విచారణ అయ్యేదాకా ఇవ్వరు. మిమ్మల్ని కూడా పిలుస్తారు. ఆ మూడు తూటాలూ ఎప్పుడు, ఎక్కడ, దేని మీద నొక్కారో మీ చేత్తో రాసివ్వాలి. మైదానం అని మాత్రం రాయకండి. అది నెల్లాళ్ళుగా మూసి ఉంది. తలుపు మీద కాగితం చూడండి."

కాంట్రాక్టరు వెళ్ళి తలుపు తెరిచి చదివాడు. ముఖంలో నెత్తురుచుక్క లేకుండా పోయింది. ఏదో అనబోయాడు, మానుకున్నాడు. చెయ్యి అలవాటు కొద్దీ నడుము దగ్గరికి పోయింది. అక్కడ ఖాళీ తోలుసంచి ఉంది. ఫోను తీసి ఇంటికి చేశాడు. మోగుతూనే ఉంది. మళ్ళీ చేశాడు. "ఎక్కడ చచ్చింది ఇది?" అని గొణుగుతూ, తలుపు తెరిచినవాడు వెయ్యకుండానే వెళ్ళిపోయాడు.

మేస్త్రి తలుపు వేసి, బల్ల మీద పనిముట్లన్నీ వరసగా సర్దాడు. ఆ తర్వాత స్టూలెక్కి గోడ మీద అద్దాల చట్రం దింపాడు. దాని వెనక సున్నం తెల్లగా, కొత్తగా ఉంది. లైసెన్సు బయటికి తీసి మడత పడకుండా అట్టలో పెట్టుకున్నాడు. ఐదింటికి ఇంకా ఇరవై నిమిషాలుంది.

అప్పుడు ఫోను మోగింది. కూతురు. వెనకాల బస్సుల హారన్లు, మనుషుల కేకలు.

"ఆవిణ్ణి బస్సెక్కించాను నాన్నా. అక్కడ దిగేసరికి వాళ్ళ అక్క వచ్చి తీసుకెళ్తుంది. ఆఫీసు వాళ్ళు పిలిస్తే వచ్చి అంతా చెప్తానంది. కిటికీ పక్కనే సీటు దొరికింది. నిన్ను ఒక్కసారి చూసి వెళ్తానంది గానీ నేనే టైము లేదన్నాను."

 మేస్త్రి గట్టిగా దగ్గి, "ఏమన్నా తిందా?" అని అడిగాడు.

"తింది నాన్నా. రెండు రొట్టెలు తింది. దారికి ఇంకో రెండు కట్టించాను." హారన్ల మధ్య గొంతు పెంచి అడిగింది. "దుకాణం?"

"మూసేస్తున్నాను. నువ్వు నెమ్మదిగా రా. దారిలో మీ మావయ్య కొట్టు దగ్గర ఆగు, నేను అక్కడుంటాను."